పేరు, పూచీ

2025 ఫిబ్రవరి 13, గురువారం

పరిశోధన పత్రికల యూజీసీ కేర్ జాబితా ఎత్తేశారు. ఏ పత్రిక మంచిదో, ఏది కాదో ఇకమీదట విశ్వవిద్యాలయాలూ అధ్యాపకులూ తేల్చుకోవాలట. చూసుకోవాల్సిన లక్షణాలు కొన్ని మాత్రం పైనుంచి సూచిస్తారట. మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరి నోటా ఇదే మాట. హమ్మయ్య అన్నవాళ్ళున్నారు, నెత్తిన చేతులు పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు.

నాకు ఆ జాబితా మీద మోజేమీ లేదు. దానికి ముందున్న జాబితా ఏమైందో గుర్తుంది. 2018 మేలో ఒక్కసారిగా 4,305 పత్రికల్ని అందులోంచి తీసేశారు. అంతకు కొద్దివారాల ముందే, మన బెంగళూరు నుంచి వచ్చే 'కరెంట్ సైన్స్'లో భూషణ్ పట్వర్ధన్ బృందం ఆ జాబితాను జల్లెడ పట్టింది. విశ్వవిద్యాలయాల సిఫారసుతో అందులోకి ఎక్కిన పత్రికల్లో 88 శాతానికి పైగా నాసిరకానివి కావచ్చని తేల్చింది. ఆ సిఫారసులు చేసింది ఎవరు? మావంటి ఆచార్యులే. నన్ను ఎక్కువగా బాధించింది అదే.

సాయంత్రం ల్యాబ్‌లో నంద్యాల అమ్మాయి ఫోన్ తెచ్చి, ఏదో టెలిగ్రామ్ గ్రూపులోకి తనను అడక్కుండానే చేర్చారని చూపించింది. పేపర్ సిద్ధంగా ఉందట. మొదటి పేరుకు ఒక రేటు, రెండో పేరుకు కాస్త తక్కువ, అయిదో పేరుకు ఇంకా తక్కువ. కరెస్పాండింగ్ ఆథర్ స్థానం అమ్ముడైపోయిందని ఎర్ర అక్షరాల్లో రాశారు. ఒళ్ళు మండింది. డబ్బిచ్చి పేరు కొనుక్కున్న మనిషి ఆ పేపర్ చదివి కూడా ఉండడు. రేపు అందులోని మోతాదు చూసి ఏ డాక్టరో ఒక నిర్ణయం తీసుకుంటే, దానికి జవాబు చెప్పేదెవరు?

ఫిబ్రవరి 22, శనివారం

ఒక పేపర్ రివ్యూకి వచ్చి వారమైంది, ఈ రోజు కూర్చున్నాను. ఎవరిదో, ఏ పత్రికో ఈ పుస్తకంలో కూడా రాయను. రివ్యూ అంటేనే గుట్టు.

రాత బాగుంది, ప్రశ్న బాగుంది. మూడో చిత్రం దగ్గర కన్ను ఆగింది. వెస్టర్న్ బ్లాట్. పైవరుసలో వాళ్ళు వెతుకుతున్న ప్రోటీన్, కిందివరుసలో యాక్టిన్. యాక్టిన్ ఎందుకంటే, అది ప్రతి కణంలోనూ దండిగా ఉంటుంది. దాని పట్టీలన్నీ సమానంగా కనిపిస్తే, ప్రతి గాడిలోనూ ఒకే కొలత సరుకు పోశామని నమ్మకం. అంటే పైవరుసకు కిందివరుస సాక్షి. ఆ యాక్టిన్ వరుసలో ఎడమ చివరి పట్టీకి కిందివైపు చిన్న నొక్కు. మూడో పట్టీకీ నాలుగో పట్టీకీ మధ్య దుమ్ముచుక్క. అంతవరకూ మామూలే.

అయిదో చిత్రానికి వచ్చాను. వేరే ప్రయోగం, వేరే కణాలు, వేరే మందు. అందులోనూ యాక్టిన్ వరుసకు ఒక చుక్క. నొక్కు మాత్రం కుడి చివరి పట్టీకి ఉంది. రెండు చిత్రాల్నీ ఒక స్లైడ్ మీద పెట్టి, కాంట్రాస్ట్ పెంచి, ఒకదాన్ని అద్దంలో చూసినట్టు తిప్పి, సగం పారదర్శకం చేసి రెండోదాని మీదికి జరిపాను. నొక్కు మీద నొక్కు, చుక్క మీద చుక్క కూర్చున్నాయి. రెండు వేర్వేరు జెల్‌ల మీద దుమ్ము ఒకే చోట పడదు. పట్టీ అంచు ఒకే తీరున చిరగదు.

చిత్రాలు కూర్చేటప్పుడు ఫైళ్ళు తారుమారయ్యాయేమో. అలా జరుగుతుంది. అయితే తారుమారైన ఫైలు తనంత తాను తిరగబడదు. ఎలిజబెత్ బిక్ బృందం 2016లో 20 వేలకు పైగా పేపర్లు కంటితో చూసి, 3.8 శాతం పేపర్లలో అనుమానించదగ్గ చిత్రాలున్నాయని ప్రకటించింది. అంటే పాతిక పేపర్లకు దాదాపు ఒకటి. నా ముందుకు ఒకటి రావడంలో వింత లేదు.

ఎడిటర్‌కు విడిగా రాశాను. ఆరోపణ చేయలేదు. రెండు చిత్రాల్నీ పక్కపక్కన పెట్టి, పోలికలకు బాణం గుర్తులు వేసి, కత్తిరించని అసలు బ్లాట్లు తెప్పించండి, అవి చూశాకే మిగతా రివ్యూ రాస్తాను అన్నాను. పూర్తయ్యేసరికి రాత్రి పదకొండు దాటింది.

ఫిబ్రవరి 28, శుక్రవారం

జాతీయ సైన్స్ దినోత్సవం. ఉపన్యాసం మా వంతు కాదు గనుక, ఎమ్మెస్సీ పిల్లల్ని కూర్చోబెట్టుకుని 2018 నాటి సంగతి చెప్పాను. ఆటోవాళ్ళు ఇప్పటికీ టాటా ఇన్‌స్టిట్యూట్ అని పిలిచే ఐఐఎస్‌సీలోనే జరిగింది.

ఆ ఏడాది జూలైలో దేవ్ కుమార్ థాపా, అంశు పాండే ఒక ప్రీప్రింట్ పెట్టారు. బంగారం, వెండి నానో కణాల్లో 236 కెల్విన్ దగ్గర, అంటే సున్నాకు 37 డిగ్రీల కింద, విద్యుత్తు నిరోధం లేకుండా ప్రవహిస్తోందని. నిజమైతే నోబెల్ స్థాయి పని. ఆగస్టులో ఎంఐటీలోని బ్రయాన్ స్కిన్నర్ వాళ్ళ గ్రాఫునే తీసుకుని ఒక చిన్న సంగతి బయటపెట్టాడు. వేర్వేరు అయస్కాంత క్షేత్రాల్లో కొలిచిన రెండు వరుసల చుక్కల్లోనూ నాయిస్ ఒకేలా ఉంది, ఒకటి రెండోదానికంటే కాస్త కిందికి జరిగింది, అంతే.

పిల్లల్లో ఒకడు అడిగాడు, "నాయిస్ ఒకేలా ఉంటే తప్పేంటి మేడం?" ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. పరికరం వణుకు, గదిలో వేడి, కరెంటు హెచ్చుతగ్గులు, ఇవన్నీ కలిసి కొలతను కొద్దికొద్దిగా అటూఇటూ తోస్తాయి. ఆ తోపు ఈసారి వచ్చినట్టు మరోసారి రాదు. అసలు విలువ రెండుసార్లూ ఒకటే రావచ్చు, అదే మనం కోరుకునేది. దాని చుట్టూ ఉండే గజిబిజి మాత్రం రెండుసార్లు ఒకేలా రాకూడదు.

రచయితలు తమ ఫలితాల్ని స్వతంత్రులైన నిపుణుల చేత పరీక్షింపజేస్తున్నామని అప్పట్లో చెప్పారు. 2019 మేలో సవరించిన పేపర్ మళ్ళీ పెట్టారు. నేను పిల్లలకు ఎవరి మీదా తీర్పు చెప్పలేదు. ఎక్కడో బోస్టన్ పక్కన కూర్చున్న మనిషి గ్రాఫులోని చుక్కల్ని అంత శ్రద్ధగా చదివాడు. ఆ గ్రాఫు గీసిన చోట, ఈ ఊళ్ళో, దాన్ని అంత శ్రద్ధగా మనమే ముందు చదవాలి అన్నాను.

మార్చి 16, ఆదివారం

1928లో సరిగ్గా ఈ రోజు రామన్ బెంగళూరు వచ్చి, సౌత్ ఇండియన్ సైన్స్ అసోసియేషన్ సభలో 'ఒక కొత్త వికిరణం' గురించి మాట్లాడారు. ఆ ప్రసంగం 'ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్'లో రామన్ ఒక్కరి పేరుతోనే వచ్చింది, లోపల కె.ఎస్. కృష్ణన్‌కు కృతజ్ఞత ఉంది. అదే నెలాఖరున 'నేచర్'లో అచ్చయిన లేఖ మీద మాత్రం ఇద్దరి పేర్లూ ఉన్నాయి. 1930లో నోబెల్ రామన్‌కు ఒక్కరికే. ఆ ఫిబ్రవరి రోజుల్లో కలకత్తా ల్యాబ్‌లో ఎవరు ఏం చూశారో ఇంత వివరంగా మనకు తెలియడానికి ముఖ్య కారణం కృష్ణన్ అప్పట్లో డైరీ రాసుకోవడం. రామన్ గొప్పతనానికి దీనివల్ల వచ్చిన లోటేమీ లేదు. పని ఎవరెంత చేశారో అప్పటికప్పుడు, తేదీతో సహా రాసి పెట్టుకోవాలని నేను ల్యాబ్‌లో పోరేది ఇందుకే.

మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి సంగతి ఇంతకంటే బాధాకరం. భీమవరంలో పుట్టి, హార్వర్డ్ చేరి, సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. మా బయోకెమిస్ట్రీ పిల్లలు ఈనాటికీ ఆ ప్రయోగం చేస్తారు. మాలిబ్డేట్ పోసి, రెడ్యూసింగ్ ద్రావణం కలిపి, పది నిమిషాలు ఆగితే పరీక్షనాళికలో నీలం తేలుతుంది. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. రికార్డు బుక్కులో 'ఫిస్కే-సుబ్బారావు పద్ధతి' అని రాస్తారు. ఆ రెండో పేరు మన గోదావరి జిల్లా మనిషిదని చెబితే కర్ణాటక పిల్లలకు ఆశ్చర్యం, ఆంధ్రా పిల్లలు సగం మందికి అంతకంటే ఆశ్చర్యం.

కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్‌ను ఇద్దరూ 1927లో ప్రకటించారు, ఏటీపీని 1929లో. అంత చేసినా సుబ్బారావు గారికి హార్వర్డ్‌లో శాశ్వత కొలువు దొరకలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్ళిపోయారు. 1988 నోబెల్ గ్రహీత జార్జ్ హిచింగ్స్ తరవాత చెప్పిన మాట చదివినప్పుడు నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్‌లను ఏళ్ళ తరవాత ఇతరులు మళ్ళీ కనిపెట్టాల్సి వచ్చిందని, అవి వెలుగు చూడకుండా ఫిస్కే అసూయతో ఆపాడని ఆయన అభిప్రాయం. చేసినవాడి పేరు రాకపోతే అన్యాయం ఆ ఒక్క మనిషికే జరిగిందనుకుంటాం. ఆ పని అచ్చు కాక, మరొకరు ఏళ్ళ తరబడి దాన్నే మళ్ళీ తవ్వుకోవాలి. పోయిన ఆ ఏళ్ళు అందరివీ.

మార్చి 30, ఆదివారం, ఉగాది

పచ్చడి కలుపుతుంటే మరిది ఫోన్. శుభాకాంక్షలు అయ్యాయి, పిల్లల చదువులు అయ్యాయి, అప్పుడు అసలు మాట.

"వదినా, ప్రమోషన్‌కు ఒక్క స్కోపస్ పేపర్ తక్కువైంది. మీ ల్యాబ్ నుంచి ఏడాదికి నాలుగైదు వస్తాయి గదా, దేంట్లోనైనా నడిమధ్యలో నా పేరు పెట్టించు. ఎవరికీ నష్టం లేదు."

పండగపూట గట్టిగా మాట్లాడలేను. అలాగని ఊ అనలేను. వైద్య పత్రికల సంపాదకుల సంఘం ఐసీఎమ్‌జేఈ రచయితగా పేరు పెట్టడానికి నాలుగు షరతులు పెట్టింది. ఆలోచనలోనో పనిలోనో గట్టి పాలు ఉండాలి, రాతలోనో దిద్దడంలోనో చెయ్యి ఉండాలి, అచ్చుకు ముందు చదివి ఒప్పుకోవాలి. నాలుగోది 2013లో చేర్చారు, పేపర్‌లోని ప్రతి అంశానికీ జవాబుదారీ పడాలి. ఇవన్నీ మరిదికి వల్లించలేదు. "రేపు ఎవరైనా ఆ పేపర్ మీద నిన్ను ప్రశ్న అడిగితే ఏం చెబుతావు నాయనా?" అన్నాను. కాసేపు మాట లేదు. "మా కాలేజీలో అడిగేవాళ్ళెవరున్నారు వదినా" అన్నాడు.

ఆ మాటలో అతని తప్పెంతో, కాలేజీ తప్పు అంతకు నాలుగింతలు. వారానికి ఇరవై గంటల పాఠాలు, ల్యాబ్‌లో పనిచేయని స్పెక్ట్రోఫోటోమీటర్, పైగా ఏడాదికి ఇన్ని పేపర్లు రాయాలని సర్క్యులర్. పరికరం ఇవ్వకుండా, తీరిక ఇవ్వకుండా పేపర్ అడిగేవాళ్ళే ఆ టెలిగ్రామ్ దుకాణానికి గిరాకీ పంపుతున్నారు. నీ దగ్గర పిల్లలతో చేయించిన నేల, నీటి పరీక్షల లెక్కలున్నాయి గదా, వేసవిలో పట్టుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం, అచ్చుకు తగినదైతే నీ పేరుతోనే పోతుంది, నా పేరు అక్కర్లేదు అన్నాను. సరే అన్నాడు గానీ గొంతులో ఉత్సాహం లేదు. ఈయన మాత్రం, "కాస్త మెత్తగా చెప్పాల్సింది" అన్నారు.

ఏప్రిల్ 9, బుధవారం

ఎడిటర్ జవాబు వచ్చింది. అసలు బ్లాట్లున్న హార్డ్ డిస్క్ పాడైందని రచయితలు రాశారట. ఆ వెంటనే పేపర్ వెనక్కి తీసుకున్నారు. ఎడిటర్ నాకు కృతజ్ఞతలు చెప్పి ఫైలు మూశారు. రచయితల సంస్థకు తెలియజేశారా అని అడిగాను. దానికి జవాబు లేదు.

ఏప్రిల్ 26, శనివారం

నంద్యాల అమ్మాయికి ఈమెయిల్. మీ విశిష్టమైన కృషిని గమనించాం, మా అంతర్జాతీయ పత్రికకు రాయండి, వారంలో అచ్చు. పాపం, మొదటి రెండు వాక్యాలకు ముఖం వెలిగింది. పక్కన కూర్చోబెట్టుకుని ఓమిక్స్ కథ మొదటినుంచీ చెప్పాను.

గేదెల శ్రీనుబాబు మన తెలుగువాడు, కంపెనీ హైదరాబాద్‌ది, వందల పత్రికలు. 2016 ఆగస్టులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నెవాడా కోర్టులో దావా వేసింది. రివ్యూ సరిగా చేయించకుండానే చేయించామంటున్నారని, ఎంత కట్టాలో ముందు చెప్పడం లేదని, ఒప్పుకోని వాళ్ళ పేర్లు కూడా ఎడిటర్ల జాబితాల్లో, సమావేశాల ప్రకటనల్లో వేస్తున్నారని. 2019లో కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పిచ్చింది. అంతకుముందు 2013లో, ఇలాంటి పత్రికల జాబితా నడిపిన లైబ్రేరియన్ జెఫ్రీ బీల్‌ను వంద కోట్ల డాలర్ల దావా వేస్తామని ఆ కంపెనీ బెదిరించింది.

"ఒక్క కంపెనీయేనా మేడం?" అంది. కాదమ్మా. 2014 ఒక్క ఏడాదిలోనే ఇలాంటి పత్రికల్లో 4 లక్షల 20 వేల పేపర్లు వచ్చి ఉంటాయని షెన్, బ్యోర్క్ లెక్కగట్టారు. పెద్ద పేరున్నవాళ్ళూ తక్కువ తినలేదు. వైలీ చేతిలోని హిందావీ పత్రికలు 2023లో 8 వేలకు పైగా పేపర్లు వెనక్కి తీసుకున్నాయి. ఇక దొంగ పత్రిక కాకపోతే చాలా అంటే, అదీ చాలదు. తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఒక రసాయనశాస్త్ర ఆచార్యుడు 2004 నుంచి 2007 దాకా దాదాపు 70 పేపర్లు కాపీ కొట్టో, కల్పించో అచ్చు వేయించాడని 2008లో బయటపడింది. అవి పేరున్న అంతర్జాతీయ పత్రికలే. అన్ని పేపర్లు అందరి కళ్ళూ దాటి వెళ్ళాయి.

"వాటిమీద ఇంకెవరి పేర్లున్నాయి?" అని అడిగింది. సహరచయితలవి, అన్నాను. ఆ అమ్మాయి ఆలోచన ఎటు పోయిందో నాకు అర్థమైంది.

జూన్ 19, గురువారం

ల్యాబ్ మీటింగ్‌లో ఈసారి డేటా పక్కన పెట్టి దీని గురించే మాట్లాడుకున్నాం.

రెండు బెంగళూరు సంగతులు బోర్డు మీద రాశాను. ఒకటి, 'అడ్వాన్స్‌డ్ మెటీరియల్స్'లో 2011లో వచ్చిన పేపర్. అందులో కొన్ని వాక్యాలు మరో పేపర్ నుంచి యథాతథంగా వచ్చాయని తేలింది. రచయితల్లో సి.ఎన్.ఆర్. రావు గారు ఉన్నారు. పత్రికలో క్షమాపణ అచ్చయింది. ఆ వాక్యాలు విద్యార్థి రాసినవని అప్పట్లో వార్తలు వచ్చాయి. రెండోది, ఎన్‌సీబీఎస్ నుంచి 2020లో 'నేచర్ కెమికల్ బయాలజీ'లో వచ్చిన పేపర్. అచ్చయిన పేపర్ల మీద చర్చ నడిచే పబ్‌పియర్ వెబ్‌సైట్‌లో ఎవరో పేరు చెప్పకుండా చిత్రాల మీద ప్రశ్నలు లేవనెత్తారు, సంస్థ విచారణ చేసింది, 2021లో పేపర్ వెనక్కి పోయింది. తప్పు చేతిదా, చేతిని చూడని కంటిదా అని చాలా కాలం చర్చ నడిచింది.

ఏడాది తిరక్కుండా పేపర్ వెనక్కి తీసుకోవడం మన దేశంలో చిన్న విషయం కాదు. అచ్చులో క్షమాపణ చెప్పడమూ చిన్న విషయం కాదు. అవి మెచ్చుకోవాల్సినవే అని చెప్పాను. నాకు మింగుడు పడనిది మరోటి ఉంది. మేలు జరిగినప్పుడు పేరంతా ల్యాబ్ పెద్దది, ఉపన్యాసాలకు పిలుపులు, అవార్డులు. కీడు జరిగినప్పుడు వేలు కిందివైపు చూపిస్తుంది. స్కాలర్‌షిప్ మీద బతికే ఇరవై అయిదేళ్ళ పిల్లవాడు ముద్దాయి. వాడు తప్పు చేయలేదని కాదు. వాడి అసలు జెల్‌ను పెద్దవాళ్ళు ఒక్కసారైనా చేతిలోకి తీసుకుని చూశారా అన్నది నా ప్రశ్న.

అందుకని ఇవాళ్టి నుంచి మా ల్యాబ్‌లో పద్ధతి ఇది. చిత్రం కూర్చే ముందు అసలు ఫైలు నా ముందు తెరవాలి, నేను దాని మీద తేదీ వేసి సంతకం పెట్టాలి. నేను ఊళ్ళో లేకపోతే పేపర్ ఆగుతుంది. ఒక పోస్ట్‌డాక్, "ఇలాగైతే పక్క ల్యాబ్‌వాళ్ళు మనకంటే ముందు వేసేస్తారు మేడం" అన్నాడు. వేసుకోనీ అన్నాను. అతనికి నచ్చలేదు. అతని ఉద్యోగం పేపర్ల లెక్క మీదే ఉందని నాకు తెలుసు. ఎంపిక కమిటీల్లో నేను కూర్చున్నప్పుడు లెక్క అడగకుండా, అతి మంచిదనుకున్న ఒక్క పేపర్ తెమ్మని, దాని మీదే గంటసేపు అడుగుతాను. మిగతా కమిటీలు ఏం చేస్తాయో అతనికి హామీ ఇవ్వలేను.

జూలై 25, శుక్రవారం

నిన్న 'సైన్స్' పత్రిక ఆర్సెనిక్ బ్యాక్టీరియా పేపర్‌ను వెనక్కి తీసుకుంది. 2010 డిసెంబర్‌లో వచ్చినప్పుడు ఎంత హడావిడి! మోనో లేక్ సూక్ష్మజీవి డీఎన్‌ఏలో ఫాస్ఫరస్ బదులు ఆర్సెనిక్ వాడుకుంటోందన్నారు. రెండేళ్ళు తిరక్కుండానే ఇతరులు కాదని చూపించారు. మోసం జరగలేదని పత్రికే చెబుతోంది, ప్రయోగాలు ఆ ముగింపును నిలబెట్టడం లేదు గనుక తీసేస్తున్నాం అంటోంది. రచయితలు ఒప్పుకోవడం లేదు.

రోజంతా ఆలోచించాను. పత్రిక చేసింది సరైనదే అనిపిస్తోంది, పద్నాలుగేళ్ళు ఆలస్యమైనా. మోసగాళ్ళ పేపర్లే వెనక్కి పోతాయి అనుకున్నంత కాలం, నిజాయితీగా పొరపడ్డవాళ్ళెవరూ తమ పేపర్‌ను ముట్టుకోరు. తప్పని తెలిసిన పేపర్ అలాగే పడి ఉంటుంది, దాని మీద మరో పది కడతారు.

సాయంత్రం ఇంకొకటి. సాహిత్యం వెతుకుతుంటే ఫిబ్రవరినాటి పేపర్ కనబడింది, మరో పత్రికలో, నిక్షేపంగా అచ్చయి. పేరు కాస్త మార్చారు. రచయితల్లో ఇద్దరు కొత్తగా చేరారు. యాక్టిన్ వరుసలు రెండూ అలాగే ఉన్నాయి, చుక్కతో సహా.

పబ్‌పియర్‌లో పేరు లేకుండా పెట్టు, గొడవ ఉండదు అని ఒక స్నేహితురాలి సలహా. ఉద్యోగం ఇంకా రాని పిల్లలకు ఆ దారి ఉండాలి, తప్పుపట్టను. నాకు ఆ అవసరం లేదు. రివ్యూలో చూసినదాని ఊసు ఎత్తకుండా, అచ్చయిన చిత్రాల మీదే, ఆ పత్రిక ఎడిటర్‌కు ఉత్తరం రాశాను. రెండు బ్లాట్లూ పక్కపక్కన, బాణం గుర్తులతో. పాత ఎడిటర్‌కు విడిగా ఒక మాట, ఇప్పుడైనా రచయితల సంస్థకు చెప్పమని. కొత్తగా చేరిన ఇద్దరికీ అసలు బ్లాట్లు చూపించారో లేదో కనుక్కోమని కూడా అడిగాను. వాళ్ళు కుర్రవాళ్ళయితే, ఏం సంతకం పెట్టారో వాళ్ళకే తెలియకపోవచ్చు. కింద పేరు, హోదా, ఫోన్ నంబరు రాసి పంపాను.

రేపు మరిది వస్తున్నాడు, నీటి పరీక్షల లెక్కలు పట్టుకుని. ఫ్లోరైడ్ కొలతలు మూడు ఊళ్ళవి ఉన్నాయట, స్టాండర్డ్ గ్రాఫు గీయలేదట. ముందు అది గీయాలి.